అడ్వాన్సు కట్టమంటే ఏ చట్టం చూపించాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఆరోగ్య హక్కు మీద నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఒకే సంగతి అడిగినవాళ్లవి కలిపేశాను. ఊళ్ల పేర్లు ఉంచాను, మనుషుల పేర్లు తీసేశాను.

రాత్రి పదింటికి మా స్టాండు దగ్గర ఒక కుర్రాడిని లారీ గుద్ది పోయింది. నేనే ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ప్రైవేటు హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. ముందు పోలీసులకు చెప్పి రండి, ఇరవై వేలు అడ్వాన్సు కట్టండి అన్నారు. అక్కడి నుంచి గవర్నమెంటు ఆస్పత్రికి వెళ్లేసరికి ముప్పావు గంట పోయింది. కుర్రాడు బతికాడు గానీ కాలు తీసేశారు. వాళ్లు అలా అనొచ్చా మేడమ్? నేను ఇంకేం చేసి ఉండాల్సింది?
ఆటో డ్రైవరు, నరసరావుపేట

తమ్ముడూ, మీరు చేయాల్సింది మీరు చేశారు. ఆ ముప్పావు గంట బరువు మీ నెత్తిన వేసుకోకండి.

వాళ్లు అలా అనకూడదు. ఇది నా అభిప్రాయం కాదు, 1989 నుంచి ఈ దేశంలో ఉన్న చట్టం. అప్పట్లో ఒక స్కూటరిస్టును కారు గుద్దితే దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. పోలీసు కేసులు మేం చూడం, ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకో ఆస్పత్రి ఉంది, అక్కడికి వెళ్లమన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ఆ పత్రికా వార్తను పట్టుకుని పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలూ పోలీసులూ తర్వాత, ఏ నిబంధనా దీనికి అడ్డు రాకూడదు అని కోర్టు తేల్చేసింది. దీనికి ఆధారం రాజ్యాంగం 21వ అధికరణ, అంటే జీవించే హక్కు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనులో కూడా ఈ మాట ఉంది. ప్రమాదంలో గాయపడిన మనిషిని తెస్తే, ఏ లాంఛనాల కోసమూ ఆగకుండా వెంటనే చికిత్స చేయడం డాక్టరు బాధ్యత అని. 134ఏ అని ఇంకోటి చేర్చారు, అది మీలాంటివాళ్ల కోసం. గాయపడినవాడిని మంచి మనసుతో తెచ్చినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇక 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన స్కీము ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలి. ఈ మాట మీ ఆటో స్టాండులో అందరికీ చెప్పండి.

ఇంకోసారి ఇలా జరిగితే, దేవుడి దయవల్ల జరగకూడదు గానీ, కౌంటరు దగ్గర వాదన పెట్టుకోవద్దు. "డ్యూటీ డాక్టరును పిలవండి, చూడము అన్న మాట కాగితం మీద రాసి ఇవ్వండి" అని అడగండి, 112కు ఫోన్ చేయండి, 108ని పిలవండి. రాసి ఇవ్వమనగానే చాలాచోట్ల స్ట్రెచర్ బయటికి వస్తుంది. ఇప్పటికైనా ఆ కుర్రాడి ఇంట్లోవాళ్లు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకి, తేదీ, టైము, జరిగింది రాసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏపీలో ప్రైవేటు ఆస్పత్రులు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరు చేసుకోవాల్సిందే, ఆ రిజిస్ట్రేషను లేకుండా ఆస్పత్రి నడపకూడదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంటుంది, అది దాటనివ్వకండి.

ఈ సంగతి మీద నాకింత పట్టుదల ఎందుకంటే, మా చిన్నాన్నను ఇలాగే ఒక అర్ధరాత్రి కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. పిన్ని చేతి గాజులు తీసి ఇచ్చాక గానీ లోపలికి తీసుకోలేదు. కటారా తీర్పు అప్పటికి వచ్చి అయిదేళ్లయింది. నేను లా చదువుతున్నాను, పక్కనే నిలబడ్డాను, నాకూ ఆ తీర్పు తెలియదు. చిన్నాన్న తెల్లారేసరికి లేడు.

బిల్లు మొత్తం కడితే గానీ మా అత్తగారి శవం ఇవ్వమని ఆస్పత్రిలో ఆరు గంటలు ఆపారు. ఇలా ఆపే అధికారం వాళ్లకు ఉందా?
గృహిణి, భీమవరం

లేదమ్మా. బిల్లు బాకీ అంటే అప్పు లాంటిది, రావాల్సిన డబ్బు కోసం వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు, అంతేగానీ మనిషిని గానీ శవాన్ని గానీ తాకట్టు పెట్టుకోకూడదు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది, కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రోగుల హక్కులను అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది. బతికి ఉన్న పేషెంటును డిశ్చార్జి చేయకుండా ఆపితే అది అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహితలో శిక్ష ఉన్న నేరం. అలాంటప్పుడు 112కు ఫోన్ చేసి "నిర్బంధించారు" అన్న మాటే వాడండి.

కేసు షీటు, రిపోర్టులు కూడా మీవే. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఇప్పుడే అడిగి తీసుకోండి.

మా పిల్లలకు పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది కదా, మరి పార్లమెంటు ఇన్ని ఆరోగ్య చట్టాలు ఎలా చేస్తోంది అని. పుస్తకంలో ఉన్న జవాబు నాకే తృప్తిగా లేదు.
డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఖమ్మం

ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. జాబితాలు బట్టీ పట్టిస్తే ఎవరికీ గుర్తుండవు. మీ ఊళ్లో ఏదో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోకి గుమ్మం నుంచి నడుచుకుంటూ వెళ్దాం, ఏ గదిలో ఎవరి చట్టం ఉందో చూద్దాం.

గుమ్మం బయట ఉన్న మురుగు కాలువ, దోమలు, చెత్త, అసలు ఆస్పత్రి అనే ఆ బిల్డింగు, ఇవన్నీ రాష్ట్రానివి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, అంటే ఏ సంగతి మీద ఎవరు చట్టం చేయాలో పంచిన పట్టిక, అందులో రాష్ట్ర జాబితా, 6వ అంశం: ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు, డిస్పెన్సరీలు. లోపలికి వెళ్తే డాక్టరు గారి డిగ్రీ గోడకు వేలాడుతుంటుంది. వైద్య విద్య, కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో 25వ అంశం, వైద్య వృత్తి 26వ అంశం, ఆ దారిలోనే పార్లమెంటు 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం చేసింది. విద్య మొదట్లో రాష్ట్ర జాబితాలోనే ఉండేది, 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు మార్చారు, కుటుంబ నియంత్రణను కూడా అప్పుడే చేర్చారు. పక్కన మందుల షాపు. మందులు, విషాలు ఉమ్మడి జాబితా 19వ అంశం, 1940 నాటి మందుల చట్టం ఇప్పటికీ నడుస్తోంది. ఆ మందు ధర మాత్రం నిత్యావసర వస్తువుల చట్టం కింద 2013లో వచ్చిన ధరల ఉత్తర్వు నుంచి వస్తుంది, ఆరోగ్య చట్టం నుంచి కాదు. స్కానింగ్ గది తలుపు మీద లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు 1994 చట్టం పెట్టించింది. క్యాంటీను 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికి, పుట్టిన బిడ్డ సర్టిఫికెట్ 1969 జనన మరణాల చట్టం కిందికి. అంటే గోడలు రాష్ట్రానివి, లోపల ఉన్న సామాను, మనుషుల అర్హతలు చాలావరకు ఉమ్మడివి.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఆస్పత్రి రిజిస్ట్రేషను గురించి, అక్కడి కనీస ప్రమాణాల గురించి దేశమంతటికీ ఒకే చట్టం చేద్దామంటే పార్లమెంటుకు నేరుగా అధికారం లేదు. అందుకే 252వ అధికరణ వాడతారు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ రాష్ట్రాల శాసనసభలు "మా కోసం చట్టం చేయండి" అని తీర్మానం చేస్తే పార్లమెంటు చేయొచ్చు, అది ఆ రాష్ట్రాలకే వర్తిస్తుంది, మిగతావాళ్లు కావాలంటే తర్వాత తీర్మానం చేసి చేరొచ్చు. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అలా నాలుగు రాష్ట్రాలతో మొదలైంది: అరుణాచల్ ప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్, మిజోరం, సిక్కిం. తెలంగాణ తర్వాత చేరింది. ఏపీ తన 2002 చట్టంతోనే నడుస్తోంది. అవయవ మార్పిడి చట్టం కూడా అంతే, పార్లమెంటు 1994లో చేస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది, తెలంగాణ 2025 మార్చిలో శాసనసభ తీర్మానంతో కేంద్ర చట్టంలోకి వచ్చింది. క్లాసులో ఇంకో సంగతి కూడా చెప్పండి. 252 కింద ఒకసారి చేరాక ఆ చట్టాన్ని రాష్ట్రం సొంతంగా సవరించుకోలేదు, మళ్లీ పార్లమెంటే చేయాలి. అందుకే చాలా రాష్ట్రాలు వెనకాడతాయి, ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాకు మార్చేయాలని 15వ ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె. సింగ్ 2021లో అన్నారు. నేను ఒప్పుకోను. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది, ఢిల్లీ చెప్పిందని కాదు. జాబితా మారిస్తే అధికారం ఢిల్లీకి వెళ్తుంది, ఖర్చు ఇక్కడే ఉంటుంది. ఏ మనిషికైనా ఇంతకంటే తగ్గడానికి వీల్లేదు అనే ఒక కనీస గీత, దానితో పాటు డబ్బు, ఈ రెండూ కేంద్రం ఇవ్వాలి. ఎలా నడపాలన్నది రాష్ట్రం చూసుకోవాలి. ఉమ్మడి జాబితా 29వ అంశం కింద అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకకుండా చూసే అధికారం కేంద్రానికి ఇప్పటికే ఉంది, అది చాలు.

మా ఆయనకు గుండె ఆపరేషన్‌కు డేటు ఇచ్చిన్రు. పోతే, బకాయిలు రాలేదు, ఆరోగ్యశ్రీ కింద ఇప్పుడు చేస్తలేం అన్నరు. కార్డు చేతిల ఉన్నంక ఇదేంది మేడమ్? ఇది మా హక్కు కాదా?
రైతు కుటుంబం, మహబూబ్‌నగర్ జిల్లా

ముందు మీ ఆయన సంగతి. ఆ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది, అక్కడ చేయము అన్న మాట రాయించండి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, వేరే నెట్‌వర్క్ ఆస్పత్రికి మార్చమని అడగండి. గుండె కేసులకు హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి, రిపోర్టులన్నీ పట్టుకుని ఆలస్యం చేయకుండా వెళ్లండి. నొప్పి వస్తే మాత్రం కార్డు సంగతి పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి పొండి.

ఇక హక్కా కాదా అన్నది. మీ జిల్లాలోనే, అనంతపురం, శ్రీకాకుళంతో కలిపి, 2007 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైంది. ఎన్నో లక్షల ఇళ్లు దీనివల్ల నిలబడ్డాయి, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అది చట్టం కాదమ్మా. ప్రభుత్వ ఉత్తర్వు, దాని కింద ఒక ట్రస్టు, ట్రస్టుకూ ఆస్పత్రికీ మధ్య ఒప్పందం. ఆ ఒప్పందంలో మీరు లేరు. జీవోతో వచ్చింది జీవోతో మారుతుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలు చేశారు, ఏపీలో అదే నెలలో 25 లక్షలన్నారు, తర్వాత ప్రభుత్వం మారి పేరూ మారింది. పరిమితి ఎంత పెంచినా ఆస్పత్రికి బిల్లు రాకపోతే ఆపరేషన్ ఆగుతుంది. బకాయిల కోసం సేవలు ఆపుతామని నోటీసులు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ అయిదు లక్షల పథకం కూడా చట్టం కాదు.

రేషన్ బియ్యంతో పోల్చి చూడండి. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. మనిషికి నెలకు ఇన్ని కిలోలు అని చట్టంలో రాశారు, ఇవ్వకపోతే దాని బదులు భత్యం ఇవ్వాలని రాశారు, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాశారు. ఆరోగ్యశ్రీకి అలాంటి పేజీ ఒక్కటి లేదు. ఆపరేషన్ ఎన్ని రోజుల్లో కావాలి, ఆస్పత్రికి డబ్బు ఎన్ని రోజుల్లో చేరాలి, ఆగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నది శాసనసభ చట్టంగా రాస్తే అప్పుడు ఆ కార్డు హక్కు అవుతుంది.

రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. డాక్టర్లు రోజుల తరబడి సమ్మె చేశారు. అత్యవసర వైద్యం ఉచితంగా చేస్తే ఆ డబ్బు ఎవరు, ఎప్పుడు ఇస్తారన్నది వాళ్ల భయం. నేను వాళ్లను తిట్టను. పేషెంటుకు హక్కు రాసి ఆస్పత్రికి బిల్లు రాయకపోతే చివరికి క్యాజువాలిటీలో ఇద్దరూ కొట్టుకుంటారు. మన దగ్గర చట్టం రాస్తే ఆ బిల్లు సంగతి మొదటి పేజీలో ఉండాలి.

మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్‌లో ఉన్నారు, వీధిలో ఇంకా ఉన్నారు. ఎన్ని సర్వేలు వచ్చాయో లెక్కలేదు. ఆరోగ్యం, మంచినీళ్లు రాజ్యాంగ హక్కు అని మీరు రాశారు. హక్కయితే ఉద్దానానికి, అంటే కిడ్నీ జబ్బుతో బాధపడే మా ప్రాంతానికి, మంచినీళ్లు, వైద్యం రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందండి?
ఉపాధ్యాయుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

మాస్టారూ, మీ ఉత్తరం రెండు రోజులు టేబుల్ మీద ఉంచుకున్నాను.

రాజ్యాంగం మొదట రాసినప్పుడు ఆరోగ్యాన్ని హక్కుల భాగంలో పెట్టలేదు. 47వ అధికరణలో, పౌష్టికాహారం, జీవన ప్రమాణం, ప్రజారోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాల్లో ఒకటి అన్నారు. అది ఆదేశిక సూత్రం. 37వ అధికరణ ప్రకారం ఆదేశిక సూత్రాలను కోర్టు ద్వారా అమలు చేయించుకోలేం. ఆ తలుపు మూసుకున్నాక సుప్రీంకోర్టు 21వ అధికరణ అనే కిటికీ తెరిచింది. పరిశుభ్రమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. మన హైదరాబాదు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కేసు కూడా ఉంది. చెరువులకు పది కిలోమీటర్ల లోపు పరిశ్రమలు పెట్టకూడదని నిషేధం ఉండగా ఒక నూనె కంపెనీకి మినహాయింపు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడికీ మధ్య జరిగిన ఆ కేసులో, తాగునీరు జీవితానికి మూలం, దాన్ని ఇవ్వడం 21 కింద ప్రభుత్వ బాధ్యత అని 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి ఆ మినహాయింపును కొట్టేసింది.

డబ్బు లేదన్న సాకు కూడా చెల్లదు. పశ్చిమ బెంగాల్‌లో 1992 జులైలో ఒక వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడ్డాడు, తలకు గాయం. కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి తర్వాత ఇంకోటి, పడక లేదు, సౌకర్యం లేదు అని తిప్పారు, చివరికి ప్రైవేటులో చేరి 17 వేలు ఖర్చు పెట్టుకున్నాడు. వ్యవసాయ కార్మికుల సంఘం కేసు వేస్తే 1996లో సుప్రీంకోర్టు 25 వేలు పరిహారం ఇప్పించి, వైద్యం చేయడానికి నిధులు లేవని చెప్పి ప్రభుత్వం రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పించుకోలేదు అని చెప్పింది.

మరి ఇంత ఉన్నా ఉద్దానానికి ఎందుకు పట్టింది అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది. తీర్పులో ఉన్న హక్కు కావాలంటే మనిషే కోర్టు దగ్గరికి వెళ్లాలి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు బస్సెక్కే మనిషి హైకోర్టుకు ఎప్పుడు వెళ్తాడు? జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలని చోట ఎవరి మీద కేసు వేస్తాడు? చట్టం ఉంటే అధికారి మన ఇంటికి రావాలి. ఒక మండలంలో ఒకే జబ్బు ఇంతమందికి వస్తే ఎన్ని రోజుల్లో నీళ్లు, నేల పరీక్ష చేయాలి, ఆ ఫలితం ఊళ్లో ఎక్కడ అతికించాలి, ఈలోపు నీళ్లు ఎవరు తేవాలి అన్నది రాసి ఉండాలి. అది రాయలేదు కాబట్టే మీకు సర్వేలు వచ్చాయి గానీ, సర్వే ఫలితం మీ చేతికి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది, హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కేంద్రం 2009లో జాతీయ ఆరోగ్య బిల్లు ముసాయిదా రాసి వదిలేసింది. 2015 విధాన ముసాయిదాలో ఆరోగ్య హక్కు చట్టం మాట ఉంది, 2017లో తుది జాతీయ ఆరోగ్య విధానం వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి, 2025 నాటికి జీడీపీలో రెండున్నర శాతం ఖర్చు పెడతామన్న లక్ష్యం రాశారు. లక్ష్యం తప్పితే ఎవరినీ అడగడానికి లేదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది, మీ పంచాయతీలో చేసిన నీటి పరీక్షల ఫలితాలన్నీ సమాచార హక్కు కింద అడగండి. ఒక్కరు కాదు, ఉద్దానం మండలాల టీచర్లు పదిమంది కలిసి అడగండి.

మా అబ్బాయి డిగ్రీ ఫెయిలయి టెన్షన్‌లో పురుగుల మందు తాగాడు, బతికాడు. పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకున్నారు. వాడి మీద కేసు ఉంటుందా? ఉద్యోగానికి అడ్డు వస్తుందా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.
ఒక తల్లి, హిందూపురం

అమ్మా, మీ అబ్బాయి బతికాడు, అది ముఖ్యం. మిగతావి చూసుకోవచ్చు.

ప్రాణం తీసుకోబోయినందుకు అతన్ని శిక్షించరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, విచారణా శిక్షా ఉండకూడదు, పైగా వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. పాత శిక్షాస్మృతిలో దీన్ని నేరమన్న 309 సెక్షను 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ రూపంలో లేనే లేదు. విషం కేసుల్లో ఆస్పత్రి పోలీసులకు చెప్పడం, వాళ్లు వచ్చి మాట రాసుకోవడం మామూలే, ఎవరైనా బలవంతం చేశారా అని చూడటానికి. దాన్ని చూసి భయపడకండి.

ఈ చట్టంలో ఇంకో గొప్ప సంగతి ఉంది. 18వ సెక్షనులో, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉంది అని "హక్కు" అన్న మాటతోనే రాశారు. ఒంటి జబ్బుకు దేశమంతటికీ అలాంటి వాక్యం ఏ చట్టంలోనూ లేదు, మనసు జబ్బుకు ఉంది. వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టింది కాబట్టి దానికి తగ్గట్టు ఈ చట్టం రాశారు. అంటే రాయాలనుకుంటే రాయగలరు.

అబ్బాయిని ఒంటరిగా ఉంచకండి, ఇంట్లో మందు డబ్బాలు తీసేయండి, మార్కుల మాట కొన్నాళ్లు ఎత్తకండి. 14416 టెలీమానస్, పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు లేదు. వాడికే కాదు, మీరు కూడా చేయండి. నిద్ర పట్టట్లేదన్నారు కదా.

అమెరికాలో ఎమర్జెన్సీకి వెళ్తే డబ్బు అడక్కుండా చూస్తారు, బిల్లు తర్వాత వస్తుంది. వాళ్ల రాజ్యాంగంలో ఆరోగ్య హక్కు ఉందా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

లేదు. అక్కడి రాజ్యాంగంలో ఆ మాటే లేదు. 1986లో వాళ్ల కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధులకు ఇచ్చే ఆరోగ్య బీమా, ఆ డబ్బు తీసుకునే ఆస్పత్రిలో ఎమర్జెన్సీ విభాగం ఉంటే, వచ్చిన మనిషిని డబ్బుతో పని లేకుండా పరీక్షించాలి, ప్రమాదం తప్పేదాకా చూడాలి. బిల్లు ఎంత భయంకరంగా వస్తుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అది ఆ చట్టం ఆపలేదు. కానీ గుమ్మం దగ్గర ఆపకూడదు అన్న ఒక్క సంగతి సూటిగా రాసి, దాన్ని డబ్బుకు ముడిపెట్టారు. దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది, అత్యవసర వైద్యం ఎవరికీ నిరాకరించకూడదు అని 1996 రాజ్యాంగం 27వ సెక్షనులోనే రాసుకుంది. మన దగ్గర ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ డబ్బు ఎన్నో ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్తోంది, ప్రభుత్వ స్థలాలు తీసుకున్నవీ ఉన్నాయి. ఆ షరతు మనమూ పెట్టొచ్చు.

కరోనా అప్పుడు 1897 చట్టం అన్నారు. అంత పాతదా? మా వార్డులో ఇప్పటికీ డెంగీ, కాలువలు పూడిపోయి ఉంటాయి. ప్రజారోగ్యానికి మనకంటూ వేరే చట్టమే లేదా?
వార్డు నివాసి, తెనాలి

అంత పాతదే. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది, 1897లో నాలుగే సెక్షన్ల అంటువ్యాధుల చట్టం రాశారు. అందులో ప్రభుత్వానికి అధికారాలున్నాయి, జనానికి ఏమివ్వాలో లేదు. 2020లో ఏపీ, తెలంగాణ రెండూ దాని కిందే కొవిడ్ నిబంధనలు తెచ్చాయి, లాక్‌డౌన్‌కు 2005 విపత్తు నిర్వహణ చట్టం వాడారు. అదే ఏడాది డాక్టర్లు, నర్సుల మీద దాడి చేస్తే అయిదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని 1897 చట్టాన్ని సవరించారు. ఈ పాత చట్టం చాలదని, సమగ్రంగా మార్చాలని లా కమిషన్ 2024లో తన 286వ నివేదికలో చెప్పింది.

కానీ మీ తెనాలికి ఇంకో చట్టం ఉంది, ఎవరూ చెప్పరు. మద్రాసు రాష్ట్రంలో మనం కలిసి ఉన్నప్పుడు, 1939లో, ప్రజారోగ్య చట్టం వచ్చింది. దేశంలో అలాంటివి రాసిన మొదటివాళ్లలో మనమూ ఉన్నాం. ఆంధ్ర ప్రాంతానికి అది ఇప్పటికీ ఆంధ్ర ప్రాంత ప్రజారోగ్య చట్టంగా కొనసాగుతోంది. తమిళనాడు అదే చట్టాన్ని పట్టుకుని ప్రత్యేకంగా ప్రజారోగ్య విభాగాన్ని నిలబెట్టుకుంది. మన దగ్గర పుస్తకంలో ఉండిపోయింది. తాగునీరు, మురుగు, దోమలు, అంటువ్యాధులు, హెల్త్ ఆఫీసరు అధికారాలు అన్నీ అందులో విడివిడిగా ఉన్నాయి. 1939లో రాసినప్పుడే, ప్రభుత్వ గ్రాంట్లు కాకుండా మున్సిపాలిటీకి వచ్చే ఆదాయంలో కనీసం 30 శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలని పెట్టారు.

కాబట్టి కాలువ తీయండి అని వినతిపత్రం ఇవ్వకండి. గత మూడేళ్ల మున్సిపల్ బడ్జెట్‌లో నీరు, మురుగు, దోమల నివారణకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు, 1939 చట్టం కింద హెల్త్ ఆఫీసరుగా ఎవరు ఉన్నారు అని సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక ఆ కాగితాలు నాకూ పంపండి, అందులో అంకెలు ఎలా చదవాలో ఈ కాలమ్‌లోనే చూద్దాం.